బ్యాక్టీరియా పైపొరలోని ఒక కొవ్వు: చివరి మందు కోలిస్టిన్ ఎందుకు ఓడిపోతోంది?

తీవ్ర చికిత్సా విభాగంలో ఉన్న రోగి రక్తాన్నో మూత్రాన్నో ప్రయోగశాలకు పంపితే, రెండు మూడు రోజులకు ఒక కాగితం తిరిగి వస్తుంది. దాని ఎడమవైపు యాంటీబయాటిక్ మందుల పేర్లు, కుడివైపు ఒక్కొక్క ఆంగ్లాక్షరం ఉంటాయి. 'ఎస్' అంటే సూక్ష్మజీవి ఆ మందుకు లొంగుతుందని అర్థం. 'ఆర్' అంటే లొంగదని అర్థం. పైనుంచి కిందిదాకా 'ఆర్'లే కనిపించినప్పుడు వైద్యుల చూపు ఒక పేరును వెతుక్కుంటుంది. ఆ పేరు కోలిస్టిన్.

ఆ పేరుకు ఎదురుగా 'ఎస్' అనే అక్షరం ఇప్పుడు చాలాచోట్ల కనబడదు. ప్రయోగశాల పరీక్షలకు ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ సీఎల్‌ఎస్‌ఐ 2020లో కోలిస్టిన్‌కు ఆ వర్గాన్నే తొలగించింది. మిగిలినవి రెండే: మధ్యస్థం అని చెప్పే 'ఐ', లొంగదని చెప్పే 'ఆర్'. పరీక్షనాళికలో సూక్ష్మజీవి చచ్చినా, రోగి శరీరంలో ఈ మందు అంత నమ్మకంగా పనిచేస్తుందని హామీ ఇవ్వలేమన్నది దాని భావం. భారతదేశంలోని అనేక ప్రయోగశాలలు ఈ ప్రమాణాలనే అనుసరిస్తాయి.

దశాబ్దాల పాటు అలమారలో పక్కన పడి ఉన్న ఈ పాత మందు చివరి ఆశగా ఎలా మారింది? ఆ ఆశ కూడా ఇప్పుడు ఎందుకు సడలుతోంది? దీనికి జవాబు బ్యాక్టీరియా ఒంటిమీది ఒకే ఒక కొవ్వు అణువులో ఉంది. శాస్త్రజ్ఞులు దాన్ని లిపిడ్-ఏ అంటారు.

నీటిలో నిలిచే గోడ

ఏ జీవకణానికైనా మొదట కావలసింది హద్దు. బయటి నీటికీ లోపలి నీటికీ మధ్య, నీటిలో కరగని తెర ఒకటి ఉండాలి. ఆ పని చేసేవి లిపిడ్లు, అంటే కొవ్వు జాతి అణువులు. వాటిలో ముఖ్యమైన ఫాస్ఫోలిపిడ్‌కు ఒక తల, రెండు తోకలు ఉంటాయి. తలలో ఫాస్ఫేట్ ఉండటం వల్ల అది నీటితో చెలిమి చేస్తుంది. తోకలు పొడవైన కొవ్వు ఆమ్లాలు కాబట్టి నీటిని వదిలించుకోవాలని చూస్తాయి. తలనూ తోకలనూ పట్టి ఉంచేది గ్లిసరాల్ అనే మూడు కార్బన్ల చిన్న అణువు. ఇలాంటి అణువులు నీటిలో గుమికూడితే, ఎవరూ పేర్చకుండానే తోకలు లోపలికి, తలలు బయటికి తిరిగి రెండు వరుసలుగా సర్దుకుంటాయి. అదే కణత్వచం. మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఈ త్వచం మందం అలాంటివి కొద్ది నానోమీటర్లు మాత్రమే.

రెండు వరుసలన్న సంగతి 1925లో తేలింది. నెదర్లాండ్స్ పరిశోధకులు గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వును తీసి నీటిమీద ఒకే వరుసగా పరిచారు. అది ఆక్రమించిన వైశాల్యం కణాల ఉపరితలానికి రెట్టింపు వచ్చింది. వారు కొవ్వును పూర్తిగా తీయలేకపోయారు, కణాల వైశాల్యాన్నీ తక్కువగా లెక్కగట్టారు. రెండు పొరపాట్లూ ఒకదాన్నొకటి సరిచేసుకుని సరైన జవాబే వచ్చింది! విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఇంతటి అదృష్టం అరుదు.

మన పేగుల్లో నివసించే ఈ. కోలై బ్యాక్టీరియా లోపలి త్వచాన్ని చూస్తే, అందులోని ఫాస్ఫోలిపిడ్లలో సుమారు మూడు వంతులు, అంటే నాలుగింట మూడు పాళ్లు, ఫాస్ఫాటిడైల్ఇథనోలమైన్ అనే ఒకే రకానికి చెందినవి. ఈ పొడవాటి పేరును గుర్తుంచుకోవాలి, కథలో మళ్లీ వస్తుంది. మిగిలిన దానిలో ఎక్కువ భాగం ఫాస్ఫాటిడైల్‌గ్లిసరాల్, కొద్దిగా కార్డియోలిపిన్. నాలుగు తోకల కార్డియోలిపిన్ మన కణాల్లోని మైటోకాండ్రియాలో కూడా ఉంటుంది. మైటోకాండ్రియా పూర్వీకులు బ్యాక్టీరియాలే కాబట్టి అందులో వింత లేదు.

తోకల స్వభావం కూడా స్థిరమైనది కాదు. చలికాలం ఉదయం నెయ్యి గడ్డకడుతుంది, పక్కనే ఉన్న నువ్వుల నూనె మాత్రం పారుతూనే ఉంటుంది. నెయ్యిలో నిటారు గొలుసుల సంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ కాబట్టి అవి ఒత్తుగా సర్దుకుంటాయి. నూనెలోని అసంతృప్త ఆమ్లాల్లో ద్విబంధం దగ్గర గొలుసు వంగి ఉండటం వల్ల ఒత్తుగా కూర్చోలేవు. బ్యాక్టీరియాకు ఈ సంగతి పుట్టుకతోనే తెలుసన్నట్లు ఉంటుంది. చలి పెరిగితే ఈ. కోలై వంపు తిరిగిన తోకల పాలు పెంచుకుని తన త్వచం గడ్డకట్టకుండా చూసుకుంటుంది. పైపొర ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదని, అవసరాన్ని బట్టి తిరగరాసుకునే రచన అని దీన్నిబట్టే ఊహించవచ్చు.

రెండో పొర, దాని మీద కవచం

1884లో బెర్లిన్‌లో పనిచేస్తున్న డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బ్యాక్టీరియాకు ఊదారంగు వేసి, తర్వాత ఆల్కహాల్‌తో కడిగి చూశాడు. కొన్ని రంగును నిలుపుకున్నాయి, కొన్ని వదిలేశాయి. నిలుపుకున్నవాటిని గ్రామ్-పాజిటివ్ అనీ, వదిలేసినవాటిని గ్రామ్-నెగటివ్ అనీ పిలవడం అలా మొదలైంది. ఈ తేడా వెనుక కణ నిర్మాణమే ఉందని చాలాకాలం తర్వాత గానీ స్పష్టం కాలేదు. గ్రామ్-నెగటివ్ జాతులకు పలుచని కణకవచం బయట రెండో త్వచం ఒకటి అదనంగా ఉంటుంది. ఈ. కోలై, క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, సూడోమొనాస్, కలరా కలిగించే విబ్రియో అన్నీ ఈ కోవలోవే.

ఈ రెండో త్వచం నిర్మాణం విచిత్రంగా ఉంటుంది. లోపలి వైపు వరుసలో మామూలు ఫాస్ఫోలిపిడ్లే ఉంటాయి. బయటి వరుసలో మాత్రం లిపోపాలిశాకరైడ్ అనే భారీ అణువులు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఒక్క ఈ. కోలై కణం మీద ఇవి పది లక్షల స్థాయిలో ఉంటాయి. ఒక్కొక్కటి మూడు భాగాలు. బయటికి వేలాడేది చక్కెరల పొడవైన గొలుసు. మధ్యలో చక్కెరలతోనే కట్టిన పొట్టి భాగం. త్వచంలో పాతుకుపోయిన వేరు లిపిడ్-ఏ.

బయటి చక్కెర గొలుసు జాతిని బట్టి, ఉపజాతిని బట్టి మారుతుంది. విషాహార వార్తల్లో వినే ఈ. కోలై ఓ157 లో 'ఓ' అనే అక్షరం దానిదే. 1992 చివర్లో మద్రాసులో కొత్త రకం కలరా బయటపడి, బెంగాల్, బంగ్లాదేశ్‌ల మీదుగా ఉపఖండంలో వ్యాపించినప్పుడు దానికి పెట్టిన ఓ139 అనే సంఖ్య కూడా ఈ గొలుసును చూసే ఇచ్చారు. పాత కలరా వచ్చి తగ్గినవారికి ఉన్న రోగనిరోధక శక్తి ఆ కొత్త గొలుసును గుర్తించలేకపోయింది.

గొలుసు ఎంత మారినా వేరు పెద్దగా మారదు. ఈ. కోలై లిపిడ్-ఏ లో గ్లూకోసమైన్ అనే చక్కెర అణువులు రెండు జంటగా ఉంటాయి. ఆ జంటకు చెరో కొసన ఒక్కొక్క ఫాస్ఫేట్ ఉంటుంది. కిందికి ఆరు కొవ్వు తోకలు దిగుతాయి. మామూలు ఫాస్ఫోలిపిడ్‌కు ఉండేవి రెండేనన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఆ ఆరు తోకలూ పన్నెండు లేదా పద్నాలుగు కార్బన్ల గొలుసులు. పన్నెండు కార్బన్లది లారిక్ ఆమ్లం, కొబ్బరినూనెలో దాదాపు సగం అదే. పద్నాలుగు కార్బన్లది మిరిస్టిక్ ఆమ్లం. జాజికాయ శాస్త్రీయ నామం నుంచి దానికి ఆ పేరు వచ్చింది. ఈ సూక్ష్మజీవి కవచానికి వాడిన సామగ్రి మన వంటింట్లో పరిచయమైనదే.

ఆరు తోకలు ఒత్తుగా ఉండటం వల్ల బయటి వరుస గట్టిగా ఉంటుంది. ఎన్నో మందులు దీన్ని దాటలేవు. పెనిసిలిన్ మొదట వచ్చినప్పుడు గ్రామ్-నెగటివ్ జాతుల మీద అంతగా పనిచేయకపోవడానికి ఈ అడ్డు ఒక ముఖ్య కారణం. అయితే ఈ గట్టిదనంలోనే ఒక బలహీనత దాగి ఉంది. ఫాస్ఫేట్లకు రుణావేశం ఉంటుంది. పక్కపక్కనే ఉన్న లక్షలాది రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే పొర విడిపోవాలి. అలా కాకుండా మెగ్నీషియం, కాల్షియం అయాన్లు మధ్యలో కూర్చుని రెండు వైపులా పట్టి ఉంచుతాయి. ఇటుకల మధ్య సున్నంలాంటి పని అది.

మన శరీరానికి వినిపించే హెచ్చరిక

ఈ అణువు మనకు అపరిచితం కాదు. రక్తంలోకి గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియా చేరినప్పుడు వచ్చే తీవ్రజ్వరం, రక్తపోటు పడిపోవడం వంటి ప్రమాదాలకు ప్రధాన కారణం లిపిడ్-ఏ. 19వ శతాబ్దం చివర్లో కలరా బ్యాక్టీరియా మీద పనిచేస్తూ జర్మన్ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైఫర్, చచ్చిన బ్యాక్టీరియా కూడా విషంలా పనిచేస్తుందని గమనించాడు. ఆ విషానికి 'ఎండోటాక్సిన్' అని పేరు వచ్చింది. దాన్ని మన కణాలు పసిగట్టే గ్రాహకం టీఎల్‌ఆర్4 అని 1998లో బ్రూస్ బోయిట్లర్ బృందం తేల్చింది. 2011లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఆ గ్రాహకం తోకల సంఖ్యను బట్టి స్పందిస్తుంది. ఆరు తోకలుంటే గట్టిగా హెచ్చరిస్తుంది. ప్లేగు బ్యాక్టీరియా దీన్ని ఎలా వాడుకుంటుందో చూడండి. ఈగజాతికి చెందని చిన్న రక్తపిపాసి కీటకం, అంటే ఎలుకల మీది గోమారి వంటి పురుగు, దాని ఒంట్లో చల్లగా ఉన్నప్పుడు అది ఆరు తోకల లిపిడ్-ఏ చేస్తుంది. మనిషి ఒంటి వేడికి, 37 డిగ్రీలకు చేరగానే నాలుగు తోకలకు మారిపోతుంది. అప్పుడు మన గ్రాహకానికి అది సరిగా తెలియదు. కాపలాదారు మేల్కొనేలోపే వ్యాధి ముదురుతుంది.

ఐదు ధనావేశాల మందు

కోలిస్టిన్ 1940ల చివర్లో జపాన్‌లో ఒక బ్యాక్టీరియా నుంచి దొరికింది. పాలిమిక్సిన్ కుటుంబానికి చెందిన ఈ అణువు అమైనో ఆమ్లాల ఉంగరం. దానికి ఒక కొవ్వు తోక ఉంటుంది. ఉంగరం మీదా తోక మొదట్లోనూ కలిపి ఐదు ధనావేశాలు ఉంటాయి. అవి లిపిడ్-ఏ మీది ఫాస్ఫేట్లను వెతుక్కుంటూ వెళ్లి, అక్కడున్న మెగ్నీషియం, కాల్షియంలను పక్కకు తోసేస్తాయి. సున్నం రాలిపోయిన గోడలోకి కోలిస్టిన్ కొవ్వు తోక దిగబడుతుంది. బయటి పొర చెదిరి, తర్వాత లోపలి పొర కూడా ఛిద్రమై కణం చస్తుంది.

మన కణాల బయటి వరుసలోని లిపిడ్లకు మొత్తం మీద ఆవేశం దాదాపు సున్నా. పైగా కొలెస్ట్రాల్ ఉంటుంది. అందుకే కోలిస్టిన్ బ్యాక్టీరియానే ముందు పట్టుకుంటుంది. కానీ మూత్రపిండాల్లోని కణాలు మందును తిరిగి పీల్చుకుని పోగుచేసుకుంటాయి కాబట్టి అక్కడ దెబ్బ తగులుతుంది. ఈ భయంతోనే 1970, 80 దశకాల్లో, మరింత సురక్షితమైన మందులు వచ్చాక, వైద్యులు దీన్ని వదిలేశారు.

తర్వాత ఆ సురక్షితమైన మందులు ఒక్కొక్కటీ ఓడిపోవడం మొదలైంది. కార్బపెనెమ్ మందులను ముక్కలు చేసే ఎన్‌డీఎం-1 అనే ఎంజైమ్‌ను, న్యూఢిల్లీలో చికిత్స పొంది వెళ్లిన ఒక రోగి నుంచి స్వీడన్‌లో 2008లో సేకరించిన క్లెబ్సియెల్లాలో గుర్తించారు. ఆ పేరులో నగరం పేరు చేర్చడంపై భారతదేశం అభ్యంతరం చెప్పింది. పేరు గొడవ ఎలా ఉన్నా, అలాంటి బ్యాక్టీరియా ఎదురైతే వైద్యుల చేతిలో మిగిలినవాటిలో పాత కోలిస్టిన్ ఒకటి.

ఒక తలను దొంగిలించి మరో చోట అతికించడం

2015 నవంబరులో చైనా పరిశోధకులు ఎంసీఆర్-1 అనే జన్యువును ప్రకటించారు. పందుల్లో, మాంసంలో, రోగుల్లో సేకరించిన బ్యాక్టీరియాలో అది దొరికింది. అది చేసే పని రసాయనశాస్త్ర దృష్టితో చూస్తే చాలా చిన్నది. ఇందాక గుర్తుంచుకోవాలని చెప్పిన ఫాస్ఫాటిడైల్ఇథనోలమైన్ నుంచి తలను, అంటే ఫాస్ఫోఇథనోలమైన్‌ను విడదీసి, లిపిడ్-ఏ మీది ఫాస్ఫేట్‌కు అతికిస్తుంది. ఆ తలలో ధనావేశం ఉన్న అమైన్ ఉంటుంది. దాంతో ఫాస్ఫేట్ రుణావేశం చాలావరకు తటస్థమవుతుంది. కోలిస్టిన్‌కు పట్టుకునే చోటు దొరకదు. పొర అదే, కొవ్వు అదే, ఆరు తోకలూ అలాగే ఉంటాయి. మారిందల్లా ఆవేశపు లెక్క.

దీని కంటే భయపెట్టిన సంగతి ఒకటుంది. అప్పటిదాకా తెలిసిన కోలిస్టిన్ నిరోధకత బ్యాక్టీరియా సొంత క్రోమోజోమ్‌లోని ఉత్పరివర్తనాల వల్ల వచ్చేది. అది తల్లికణం నుంచి పిల్లకణానికే చేరుతుంది. ఎంసీఆర్-1 ప్లాస్మిడ్ మీద, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి పక్కన ఉన్న మరో జాతికి కూడా బదిలీ కాగల చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉంది. కొద్ది నెలల్లోనే అనేక దేశాల శాస్త్రజ్ఞులు తమ దగ్గర దాచిన పాత నమూనాలు తీసి చూస్తే అందులోనూ కనిపించింది.

ఈ ఉపాయం కొత్తది కాదన్నది కూడా గమనించదగినది. 1961లో ఇండోనేషియా నుంచి మొదలైన ఏడో కలరా మహమ్మారికి కారణమైన 'ఎల్ టోర్' రకాన్ని పాత రకం నుంచి వేరుచేయడానికి ప్రయోగశాలల్లో పాలిమిక్సిన్ బిళ్లలే వాడేవారు. పాత రకం చచ్చేది, ఎల్ టోర్ బతికేది. ఎల్ టోర్ తన లిపిడ్-ఏ కు గ్లైసీన్ అనే చిన్న అమైనో ఆమ్లాన్ని తగిలించుకుంటుందని ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది. ప్రోటియస్, సెర్రేషియా వంటివి ఇదే పనికి మరో చక్కెరను వాడతాయి, వాటిపై కోలిస్టిన్ మొదటినుంచీ పనిచేయదు.

భారతీయ ఆస్పత్రుల్లో కోలిస్టిన్‌కు లొంగని క్లెబ్సియెల్లాలో ఎంసీఆర్ జన్యువుల కంటే క్రోమోజోమ్ ఉత్పరివర్తనాలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ముఖ్యంగా 'ఎంజీఆర్‌బీ' అనే చిన్న జన్యువు దెబ్బతిన్నప్పుడు, లిపిడ్-ఏ ను మార్చే ఎంజైములకు ఉన్న కళ్లెం తెగిపోతుంది. దారి వేరైనా చేరేది ఒకే చోటికి: ఫాస్ఫేట్ ఆవేశాన్ని కప్పేయడం.

దాణాలో కలిసిన మందు

మనిషికి చివరి ఆశగా దాచుకోవాల్సిన మందు కోళ్ల దాణాలోకి ఎలా వెళ్లింది? చవక కావడం, పేగుల్లోని బ్యాక్టీరియాను అదుపులో ఉంచి పక్షి త్వరగా బరువెక్కేలా చేస్తుందన్న నమ్మకం దానికి కారణాలు. రోగం లేని జంతువుకు చిన్న మోతాదులో, రోజుల తరబడి మందు పెట్టడం కంటే నిరోధకతను పెంచే పద్ధతి మరొకటి ఊహించడం కష్టం. చచ్చేంత మందు అందదు, నేర్చుకునేంత అందుతుంది.

భారత ఆరోగ్య మంత్రిత్వశాఖ 2019 జులైలో ఆహార జంతువులకు, కోళ్లకు, ఆక్వా సాగుకు, దాణా మిశ్రమాలకు ఉద్దేశించిన కోలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని, పంపిణీని నిషేధించింది. ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం 26ఏ సెక్షన్ కింద ఆ ఉత్తర్వు వచ్చింది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందు వరుసలో ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు, రొయ్యల సాగుకు పేరుపడిన గోదావరి, కృష్ణా జిల్లాలకు ఈ ఉత్తర్వుతో నేరుగా సంబంధం ఉంది.

ఇలాంటి నిషేధం వల్ల ఫలితం ఉంటుందా అన్న సందేహానికి చైనా అనుభవం కొంత జవాబిస్తుంది. ఎదుగుదల కోసం దాణాలో కోలిస్టిన్ కలపడాన్ని ఆ దేశం 2017లో ఆపింది. 2015లో సుమారు 27 వేల టన్నులున్న అమ్మకాలు 2018 నాటికి సుమారు 2,500 టన్నులకు తగ్గాయి. పందుల్లో కోలిస్టిన్‌కు లొంగని ఈ. కోలై కూడా గణనీయంగా తగ్గింది. తలను అతికించుకోవడం బ్యాక్టీరియాకు ఊరికే దక్కే లాభం కాదు, దానికి శక్తి ఖర్చవుతుంది. మందు లేని చోట ఆ భారం మోసేవి వెనకబడతాయి.

బిళ్ల పరీక్ష మోసం చేసే చోటు

ఆస్పత్రి ప్రయోగశాలకు మరో చిక్కు ఉంది. మామూలుగా మందు పూసిన చిన్న కాగితపు బిళ్లను బ్యాక్టీరియా పెరిగే పలక మీద ఉంచి, చుట్టూ ఎంత మేర అది పెరగలేదో కొలుస్తారు. కోలిస్టిన్ పెద్ద అణువు, అగార్‌లో సరిగా పాకదు. కాబట్టి ఆ వలయాన్ని నమ్మి చెప్పే ఫలితం తప్పే అవకాశం ఎక్కువ. ద్రవంలో మందును రెట్టింపు మోతాదుల్లో కలిపి చూసే పరీక్షే ప్రామాణికం. అందులోనూ కోలిస్టిన్ ప్లాస్టిక్‌కు అంటుకుపోయే గుణం ఉండటం వల్ల ఏ గిన్నె వాడారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. చిన్న ఊళ్ల ప్రయోగశాలల్లో ఇది అందరికీ అందుబాటులో ఉండే పరీక్ష కాదు.

ఇక కొత్త మందుల సంగతి. లిపిడ్-ఏ తయారీలో మొదటి మెట్లలోనే ఉన్న ఎంజైమును అడ్డుకోవాలని చాలా ఏళ్లుగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2024 జనవరిలో 'నేచర్' పత్రికలో వెలువడిన జోసురాబాల్పిన్ దారి వేరు. లోపల తయారైన లిపోపాలిశాకరైడ్‌ను బయటి పొరకు మోసుకెళ్లే ప్రొటీన్ యంత్రాన్ని అది మధ్యలోనే నిలిపేస్తుంది. సరుకు బయటికి చేరక కణం లోపలే పేరుకుని బ్యాక్టీరియా చస్తుంది. ఇది గురిపెట్టింది అసినెటోబాక్టర్ బౌమనియై మీద. తీవ్ర చికిత్సా విభాగాల్లో ఊపిరి యంత్రం మీదున్న రోగులను పట్టుకునే బ్యాక్టీరియా అది.

అసినెటోబాక్టర్‌కు మాత్రం మరో విద్య తెలుసు. కోలిస్టిన్ ఒత్తిడి పెరిగితే, కొన్నిసార్లు లిపిడ్-ఏ తయారీనే పూర్తిగా మానేసి, ఆ కవచం లేకుండానే బతికేస్తుంది. పట్టుకునే ఫాస్ఫేటే లేనప్పుడు కోలిస్టిన్ చేయగలిగేది ఏమీ ఉండదు. అయితే అలా కవచం వదిలేసినవి, మామూలుగా ఆ పొరను దాటలేని వాంకోమైసిన్ వంటి మందులకు దొరికిపోతాయని ప్రయోగశాలల్లో చూశారు.